‘అర్థమైందా?’ అని అడగడం మానేస్తే: నలభై మంది ఉన్న తరగతిలో పీరియడ్ నడపడానికి మార్గదర్శి

పాఠం చెప్పడం అయిపోయాక చేతికంటిన సుద్దపొడి దులుపుకుంటూ ‘అర్థమైందా?’ అంటాం. ‘అర్థమైంది సార్!’ అని నలభై గొంతులూ ఒకే రాగం తీస్తాయి. ఆ రాగానికీ అర్థం కావడానికీ సంబంధం లేదు. కానివాడు కాలేదని చెప్పడు, ఎందుకంటే పక్కవాడికి అయినట్టే ఉంది. అయిందనుకున్నవాడికి నిజంగా అయిందో లేదో వాడికే తెలియదు.

ఈ కాలపు మంచి టీచరు లక్షణాలు అనగానే ఓర్పు, అంకితభావం, సాంకేతిక పరిజ్ఞానం అంటూ ఒక జాబితా తయారవుతుంది. అన్నీ మంచివే. కానీ రేపు మూడో పీరియడ్‌లో ఏం చెయ్యాలో ఆ జాబితా చెప్పదు. చేసి చూపించగలిగిన లక్షణం ఒకటుంది: పిల్లలకు ఏం రాలేదో పీరియడ్ ముగిసేలోపు కనిపెట్టి, దాన్నిబట్టి మర్నాటి పాఠం మార్చుకోవడం. ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క పని గురించే. ఉదాహరణకు తీసుకున్నది ఆరో తరగతి గణితం, 45 నిమిషాల పీరియడ్, 40 మంది పిల్లలు. విద్యాహక్కు చట్టం ఉన్నత ప్రాథమిక స్థాయిలో 35 మందికి ఒక టీచరు అంటుంది గానీ, కాగితం మీద లెక్క సరిపోయినా సెక్షన్‌లో 40 దాటడం మనకు కొత్తేమీ కాదు.

జూన్‌లో: ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారు

బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి పరుగు మొదలుపెట్టకండి. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు నిమిషాలు చూడండి. రోజుకు ఎనిమిది మంది చొప్పున ఐదు రోజుల్లో నలభై మందీ అయిపోతారు. ఆ అరగంట మిగతావాళ్లకు బొమ్మలు గీసే పనో, ఎక్కాలు రాసే పనో ఇవ్వండి.

చదవడంలో నాలుగు మెట్లు: అక్షరాలు, చిన్న పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పేరాతో మొదలుపెట్టండి. తడబడకుండా చదివితే కథ ఇవ్వండి, తడబడితే పదాలకు దిగండి. లెక్కల్లో కూడా నాలుగు: ఒక అంకె సంఖ్యలు, రెండంకెల సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ ఇంటింటికీ తీసుకెళ్లేది ఇలాంటి మెట్లనే.

తప్పా ఒప్పా అన్నది ఒక్కటే చూడకండి, తప్పు ఆకారం కూడా రాసుకోండి. 52 లోంచి 37 తీసేయమంటే 25 అని రాసిన పిల్లకు తీసివేత రాదని కాదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలన్న నియమాన్ని ఆమె పై అంకె, కింది అంకె చూడకుండా పాటిస్తోంది. ఇలాంటి తప్పుకు మందు పది లెక్కలు ఎక్కువ చేయించడం కాదు, పదుల కట్టలు విప్పి పుల్లలు చూపించడం.

ఈ దశలో రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, ఎవరు ఏ మెట్టో అందరి ముందూ చదవడం. రెండోది, ఆ మెట్టును ఏడాదంతా పిల్లల నుదుటికి అంటించడం. స్టాఫ్‌రూమ్‌లో ‘డల్ బ్యాచ్’ అన్న మాట జూలైలో పుడితే మార్చి దాకా బతుకుతుంది. ఆరు వారాలకోసారి మళ్లీ చూసి గుంపులు మార్చండి.

పాఠం తయారీ: చివరి ప్రశ్న ముందు రాయాలి

పీరియడ్ ప్లాన్ రిజిస్టర్ తనిఖీకి వచ్చేవాళ్ల కోసం. మీ కోసం కావలసింది పోస్టుకార్డు అంత కాగితం. దాని మీద మూడే రాయండి.

ఒకటి, పీరియడ్ చివర పిల్లలు సొంతంగా చెయ్యాల్సిన లెక్క. హారాలు వేరుగా ఉన్న భిన్నాల కూడిక రోజున అది 3/4 + 1/6 అనుకుందాం. ఇది ముందే రాసుకుంటే, ఈ రోజు చెప్పక్కర్లేనిది ఏదో దానంతటదే తేలిపోతుంది. మిశ్రమ భిన్నాల జోలికి వెళ్లాలా వద్దా అన్న ఊగిసలాట ఉండదు.

రెండు, పిల్లలు చెయ్యబోయే తప్పులు. సబ్జెక్టు తెలిసిన మనిషికీ, ఆ సబ్జెక్టు చెప్పడం తెలిసిన మనిషికీ తేడా ఇక్కడే. 0.35 అన్నది 0.4 కంటే పెద్దదని పిల్లలు అంటారు, 35 అన్నది 4 కంటే పెద్దది కాబట్టి. చెట్టు బరువంతా మట్టిలోంచే వచ్చిందనుకుంటారు. భౌతికశాస్త్రంలో ‘పని’ అనగానే బస్తా మోస్తూ నిలబడిన హమాలీ పని చేస్తున్నాడంటారు, వాడుక భాషలో అది సరైనదే కూడా. ప్రతి పాఠానికీ ఇలాంటివి రెండు మూడు ఉంటాయి. పాత జవాబు పత్రాలు తిరగేస్తే కొత్త టీచరుకైనా దొరుకుతాయి.

మూడు, కావలసిన సామాను. ఈ పాఠానికి 12 సెంటీమీటర్ల పొడవున్న కాగితపు పట్టీలు చాలు, ఒక్కొక్కరికి ఒకటి.

నలభై ఐదు నిమిషాలు ఎటు పోతాయి

గంట కొట్టాక గదిలోకి వచ్చి, హాజరు చూసి, పుస్తకాలు తీయించేసరికి ఐదు నిమిషాలు పోతాయి. మిగిలిన 40 నిమిషాల్లో గుర్తు తెచ్చుకోవడానికి 5, మీరు చేసి చూపించడానికి 10, కలిసి చెయ్యడానికి 8, ఒంటరిగా చెయ్యడానికి 12, చివరి చీటీకి 5. సాధారణంగా తగ్గిపోయేది ఒంటరి పని, పెరిగిపోయేది మన ఉపన్యాసం. గడియారం బోర్డు పైన కాకుండా వెనక గోడకు ఉంటే మీకు కనిపిస్తుంది, పిల్లల చూపు దాని మీద ఉండదు.

గుర్తు తెచ్చుకునే ఐదు నిమిషాలు: బోర్డు మీద మూడు లెక్కలు, పుస్తకాలు మూసి. నిన్నటిది ఒకటి, పోయిన వారానిది ఒకటి, నెల కిందటిది ఒకటి. చదివిందే మళ్లీ చదివిన విద్యార్థులనూ, చూడకుండా గుర్తు తెచ్చుకున్న విద్యార్థులనూ రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో పోల్చి చూశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది. పాఠం చెప్పిన రోజు అందరికీ వచ్చినట్టుండి, పరీక్షలో ఎవరికీ రాకపోవడం ఎందుకో ఇక్కడే తెలుస్తుంది. ఈ మూడు లెక్కలకూ మార్కులు వెయ్యకండి. వేస్తే చూసిరాత మొదలవుతుంది.

చేసి చూపించేటప్పుడు ఒక లెక్కను మాట్లాడకుండా పూర్తిగా చెయ్యండి, రెండోసారి ఒక్కో మెట్టుకూ కారణం చెబుతూ చెయ్యండి. ఆ పక్కనే తప్పుగా చేసిన లెక్క ఒకటి రాసి ‘ఎక్కడ జారాడు?’ అని అడగండి. ఎవరి తప్పని మాత్రం చెప్పకండి, ‘పోయిన ఏడాది ఒకబ్బాయి’ అంటే చాలు.

బోర్డును మూడు నిలువు భాగాలు చెయ్యండి. ఎడమవైపు తేదీ, శీర్షిక, కొత్త పదాలు. ఇవి గంట కొట్టేవరకూ చెరపకూడదు. మధ్యలో లెక్క. కుడివైపు చిత్తు. నల్లబోర్డు మీద ఎరుపు, నీలం సుద్దలు వెనక బెంచీకి కనిపించవు, తెలుపు, పసుపు చాలు. బోర్డువైపు తిరిగి మాట్లాడితే గొంతు గోడకే పోతుంది. రాసేటప్పుడు రాయండి, చెప్పేటప్పుడు తిరగండి. వారానికోసారి చివరి బెంచీలో కూర్చుని మీ రాతను మీరే చదవడానికి ప్రయత్నించండి.

ప్రశ్న అడిగే పద్ధతి

ముందు ప్రశ్న, తర్వాత విరామం, ఆఖరున పేరు. ‘రమేష్, లవం అంటే ఏంటి?’ అన్న మరుక్షణం మిగతా 39 మందీ ఊపిరి పీల్చుకుంటారు. ‘2/7లో లవం ఏది?’ అని ఆగితే ఆ బరువు అందరి మీదా ఉంటుంది.

ఎంతసేపు ఆగాలి? కనీసం మూడు సెకన్లు. టీచర్లు ప్రశ్న అడిగాక ఒక్క సెకను కూడా ఆగడం లేదని అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతుల టేపులు విని తేల్చారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పనివాళ్లు తగ్గారు. మూడు సెకన్ల మౌనం టీచరుకు మూడు నిమిషాల్లా ఉంటుంది. మనసులో అంకెలు లెక్కపెట్టుకోండి.

చేతులెత్తినవాళ్లనే అడిగితే తరగతి ఆరుగురితో నడుస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్లల మీద పేర్లు రాసి గ్లాసులో వేసి ఒకటి తియ్యండి. తీసిన పుల్లను మళ్లీ గ్లాసులోనే వెయ్యాలి, లేకపోతే ఒకసారి జవాబు చెప్పినవాడికి ఆ రోజుకు సెలవు దొరికినట్టే. ‘తెలియదు సార్’ అన్న పిల్లవాణ్ణి నిలబెట్టి ఉంచొద్దు, వదిలెయ్యనూ వద్దు. ఇంకొకరి చేత చెప్పించి, అర నిమిషంలో మళ్లీ వాడి దగ్గరికే వచ్చి వాడి మాటల్లో చెప్పించండి. రెండు వారాల్లో ‘తెలియదు’ అన్నది తప్పించుకునే దారిగా పనికిరాకుండా పోతుంది.

ఇక అసలు సాధనం: పీరియడ్ మధ్యలో, సుమారు ఇరవయ్యో నిమిషంలో, నలభై మందినీ ఒకేసారి అడిగే ఒక్క ప్రశ్న. బోర్డు మీద ఇలా రాయండి.

1/2 + 1/3 = ?
ఒకటి: 2/5. రెండు: 5/6. మూడు: 2/6. నాలుగు: 1/5.

కళ్లు మూసుకుని ఆలోచించి, ‘చూపించండి’ అనగానే తమ జవాబు ఎన్నోదో అన్ని వేళ్లు గుండెకు ఆనించి చూపాలి. చెయ్యి పైకెత్తితే పక్కవాళ్లు చూస్తారు. వేళ్లకు బదులు పలకలైనా మంచిదే. ఆరో తరగతికి పలక చిన్నతనమనుకుంటే కాగితం లామినేషన్ చేయించి మార్కర్ ఇవ్వండి.

ఆ నాలుగు జవాబుల్లో గుడ్డిగా పెట్టింది ఒక్కటీ లేదు. ఒకటి చూపినవాడు పైవి పైవి, కిందివి కిందివి కలిపాడు. మూడు చూపినవాడు ఉమ్మడి హారం 6 అని సరిగ్గానే పట్టుకున్నాడు, లవాలు మార్చడం మరిచాడు. నాలుగు చూపినవాడు లవాన్ని తాకకుండా హారాలే కలిపాడు. ముగ్గురికీ కావలసిన సాయం వేరు. మూడో వాడికి ఒక్క మాట చాలు. ఒకటో వాడికి భిన్నమంటే ఏమిటో మళ్లీ చెప్పాలి.

32 మందికి పైగా సరిగ్గా చూపితే ముందుకు వెళ్లండి, మిగిలినవాళ్లను ఒంటరి పని వేళ దగ్గర కూర్చోబెట్టుకోండి. సగం మందికే వస్తే జవాబు చెప్పకండి. వేర్వేరు జవాబులు చూపినవాళ్లను జతలుగా కూర్చోబెట్టి రెండు నిమిషాలు వాదించుకోనివ్వండి, మళ్లీ అడగండి. ఏ పదిమందికో వస్తే మీరు చెప్పిన దారి పనిచెయ్యలేదు. అదే వాక్యాన్ని గట్టిగా చెబితే పని జరగదు, దారి మార్చాలి.

అందుకే ఆ కాగితపు పట్టీలు. 12 సెంటీమీటర్ల పట్టీలో సగం 6 సెంటీమీటర్లు, మూడో వంతు 4. పక్కపక్కన పెడితే 10. పన్నెండింట పది, అంటే 5/6. మరి 2/5 ఎంత? 4.8 సెంటీమీటర్లు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుందిరా? ఈ ప్రశ్నకు పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వు వచ్చిందంటే తప్పు ఎక్కడుందో వాళ్లే చూశారన్నమాట.

చివరి చీటీ, నోటుపుస్తకాల గుట్ట

ఒక ఎ4 కాగితాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఐదు కాగితాలతో నలభై చీటీలు. దాని మీద పేరు, ఆ ఒక్క లెక్క: 3/4 + 1/6. బయటికి వెళ్తూ చీటీ ఇచ్చి వెళ్లాలి. స్టాఫ్‌రూమ్‌లో చీటీకి పది సెకన్ల చొప్పున ఏడు నిమిషాల్లోపు మూడు కుప్పలు వెయ్యండి. 11/12 వచ్చింది ఒక కుప్ప. 22/24 కూడా అందులోకే, వాడికి సూక్ష్మీకరణ ఒక్కటే మిగిలింది. 4/12 రెండో కుప్ప, దారిలో ఉన్నాడు. 4/10 మూడో కుప్ప. మర్నాడు ఎలా మొదలుపెట్టాలో ఈ కుప్పల ఎత్తే చెబుతుంది. మూడో కుప్పలో ఐదారుగురుంటే చిన్న గుంపు, పదిహేను దాటితే తరగతి మొత్తానికీ మళ్లీ.

నోటుపుస్తకాల సంగతికి వద్దాం. ఐదు సెక్షన్లకు 200 పుస్తకాలు, పుస్తకానికి రెండు నిమిషాలైనా 400 నిమిషాలు, ఆరున్నర గంటలకు పైమాటే. అంత సమయం ఎవరికీ లేదు కాబట్టే పేజీకో టిక్కు, కింద సంతకం, తేదీ. పిల్లలు గైడులోంచి ఎక్కించిన జవాబుకు మనం ఎర్ర ఇంకుతో సాక్షి సంతకం చేస్తున్నట్టు. తనిఖీకి అది కావాలంటే కానివ్వండి, దాన్ని దిద్దడం అనుకోకండి.

దిద్దడమంటే వారానికి ఒక్క పని ఎంచుకుని, పిల్లలు తిరిగి చెయ్యగలిగేలా ఒక వాక్యం రాయడం. ‘బాగా ప్రయత్నించాలి’ అంటే ఏం చెయ్యాలో తెలియదు. ‘హారం మార్చావు, లవం మార్చలేదు. మూడో లెక్క మళ్లీ చెయ్యి’ అంటే తెలుస్తుంది. ఆ పక్కన మార్కు వెయ్యొద్దు. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లలు మెరుగుపడ్డారు. మార్కూ వ్యాఖ్యా రెండూ ఇస్తే మార్కు ఒక్కటే ఇచ్చినట్టు అయింది. పిల్లలు ముందు తమ మార్కు, తర్వాత పక్కవాడి మార్కు చూస్తారు, వ్యాఖ్య దాకా చూపు రాదు. ఎఫ్‌ఏకు (నిర్మాణాత్మక మూల్యాంకనానికి) కావలసిన మార్కులు మీ రిజిస్టర్‌లో వేసుకోండి. వ్యాఖ్య రాసి పుస్తకం తిరిగిచ్చాక దాన్ని సరిచేసుకోవడానికి తరగతిలోనే ఐదు నిమిషాలు ఇవ్వాలి. ఇంట్లో చేసుకురమ్మంటే ఎవరూ చెయ్యరు.

తెర, ఫోను, ఏఐ

తరగతికి ప్యానెల్ బోర్డు (పెద్ద డిజిటల్ తెర) వచ్చినంత మాత్రాన పాఠం ఆధునికం కాదు. పది నిమిషాల వీడియోను ఆపకుండా నడిపితే అది తెర మీద ఉపన్యాసమే. నడపడానికి ముందు ‘ఏం జరుగుతుందో రాయండి’ అనండి, రెండు నిమిషాలకోసారి ఆపి అడగండి. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలోని వీడియోలను పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో తెరవొచ్చు. అవి ముందు రోజే డౌన్‌లోడ్ చేసుకోండి. కరెంటు పోతే ఏం చేస్తారో కూడా ఆ పోస్టుకార్డు మీదే ఒక ముక్క రాసుకోండి.

ఏఐ చాట్‌లను ప్రశ్నలు తయారు చేయించుకోవడానికి వాడండి, ముఖ్యంగా ఒకే లెక్కకు పది రూపాలు కావాల్సినప్పుడు. జవాబులు మాత్రం మీరు చేసి చూసుకోవాలి, ధీమాగా తప్పు చెప్పడం దానికి అలవాటు. తెలుగు పారిభాషిక పదాలు పాఠ్యపుస్తకంలో ఉన్నవేనా అని సరిచూడండి. పిల్లల పేర్లు, మార్కులు, కులం, ఇంటి వివరాలు అందులో పెట్టొద్దు.

భాష దగ్గర ఆగిపోయేవాళ్లు

ఇంగ్లిష్ మీడియం తరగతిలో నోట్సు ముత్యాల్లా ఉండి, అడిగితే ఒక్క ముక్కా రాకపోతే సమస్య లెక్కలో కాదు, భాషలో. రెండు రాష్ట్రాల్లోనూ ఎదురెదురు పేజీల్లో తెలుగు, ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలున్నాయి. భావం తెలుగులో స్థిరపడ్డాక ఇంగ్లిష్ పదాలు ఐదుకు మించకుండా ఇచ్చి, ఖాళీలున్న వాక్యం ఒకటి నోటితో పలికించండి, తర్వాతే రాయించండి. తెలుగు మీడియంలోనూ ఈ చిక్కు ఉంది. ‘కిరణజన్య సంయోగక్రియ’ బట్టీ పడితే మంత్రమే. కిరణం వల్ల పుట్టేది, కలిసిపోవడం, పని అని విడదీస్తే వాక్యమవుతుంది. ఇంట్లో కోయ, సవర, లంబాడీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు మన ‘మామూలు తెలుగు’ కూడా రెండో భాషే. తరగతిలో ఆ భాష తెలిసిన పెద్ద పిల్లను జత చెయ్యండి, ఆ భాషలో అంకెలనైనా మీరు నేర్చుకోండి.

అల్లరి, గైర్హాజరు

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. బెత్తం మానేసి గుంజీలు తీయించినా, పేరుకు తోక తగిలించి పిలిచినా అందులోకే వస్తాయి. అల్లరి ఎక్కువగా పుట్టేది పని లేని నిమిషాల్లో. అందుకే గదిలోకి వచ్చేసరికి బోర్డు మీద ఆ మూడు లెక్కలు ఉండాలి. మాట్లాడుతున్న పిల్లవాడి పక్కకు నడిచి అక్కడి నుంచే పాఠం కొనసాగించండి, సగం సార్లు అదే చాలు. చాలకపోతే తగ్గు గొంతుతో పేరు, చెయ్యాల్సిన పని, అంతే. తరగతి అంతటికీ శిక్ష వేస్తే నిశ్శబ్దంగా ఉన్న ముప్పై మంది కూడా మీకు దూరమవుతారు.

ఎవరైనా మూడో రోజు కూడా బడికి రాకపోతే ఇంటికి ఫోన్ చెయ్యండి, తిట్టడానికి కాదు, కారణం తెలుసుకోవడానికి. కర్నూలు పడమటి మండలాల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు కుటుంబాలు వలస వెళ్తాయి, పిల్లలూ వెంట వెళ్తారు. వాళ్లు తిరిగొచ్చాక పోయిన పాఠాలన్నీ ఎక్కించమంటే మళ్లీ రారు. తర్వాతి పాఠాలకు పునాది అయిన రెండే ఎంచి, జతగాడిని ఇచ్చి, మిగతావి వదిలెయ్యండి.

మీ పీరియడ్‌ను మీరే వినండి

జాతీయ విద్యావిధానం 2020 ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటుంది. అందులో ఒక గంట ఖర్చు లేకుండా ఇంట్లోనే పూర్తి చేసుకోవచ్చు. ఫోను టేబుల్ మీద పెట్టి ఒక పీరియడ్ రికార్డ్ చెయ్యండి, రాత్రి కాగితం, పెన్ను పట్టుకుని వినండి. నాలుగు లెక్కలు రాయండి: మీరు మాట్లాడిన నిమిషాలు, ‘అర్థమైందా’ ఎన్నిసార్లు అన్నారు, ఎంతమంది పేర్లు వినిపించాయి, ప్రశ్నకూ మీ తర్వాతి మాటకూ మధ్య ఎన్ని సెకన్లు. మొదటిసారి వినడం కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నాలుగూ ఒకేసారి సరిచెయ్యాలని చూస్తే వారంలో పాత దారికే వస్తారు. ఈ నెల ఒక్క విరామం సెకన్లు పట్టుకోండి, వచ్చే నెల పేర్లు. విన్నాక రికార్డింగ్ చెరిపెయ్యండి, అందులో పిల్లల గొంతులున్నాయి.